రెట్టింపు చేయని ముప్పై

ఇన్నేళ్లుగా నా గుండె మీద ఒక బరువు ఉండిపోయింది. అదెంతో కూడా నాకు తెలుసు. అరవై అని చెప్పాల్సిన చోట ముప్పై అని చెప్పాను. మిగిలిన ముప్పై నా మీద పడింది. ఇంతేనా, దీనికింత రాద్ధాంతమా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించాలని ఎంతో ప్రయత్నించాను. నవ్వి కొట్టిపారేద్దామని చూశాను. నవ్వు వచ్చేది కానీ బరువు దిగేది కాదు. మొన్న ఆదివారం దిగింది. ఇంట్లో మా ఆయనకు కూడా చెప్పనిది మీకు చెబుతున్నాను. కాస్త ఓపిగ్గా వినండి.

నా పేరు చెప్పను. ఉండేది నల్లగండ్లలో, ఒక అపార్ట్‌మెంటులో. ఉద్యోగం హైటెక్ సిటీలో, పిల్లల కోసం వీడియో పాఠాలు తయారుచేసే కంపెనీలో. అక్కడ నేను చేసే పని ఏమిటో చెబితే మీకు నవ్వొస్తుంది. పరీక్షల కీలో, అంటే జవాబుల పట్టికలో, తప్పులు పట్టుకోవడం. "మేడం కంట్లో పడితే తప్పు బతకదు" అంటారు మా టీమ్ పిల్లలు. వాళ్లు అలా అన్నప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

దీనికి ముందు చందానగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. కొత్తగా పెళ్లయి కడప వైపు నుంచి ఈ ఊరొచ్చాను. చదువులో ఎప్పుడూ ముందుండేదాన్ని, ఆ పొగరు ఒంటినిండా ఉండేది. నోరు కూడా కాస్త దురుసు. ఒకసారి మా స్టాఫ్ రూములో ఒక పెద్దాయన, మా సబ్జెక్టే, క్లాసులో ఒక లెక్కలో రెండుతో గుణించడం మర్చిపోయారని తెలిసింది. భోజనాల వేళ అందరూ వింటుండగా నేను అన్నాను: "రెండో ఎక్కం రానివాళ్లకు కూడా మన కాలేజీలో చాక్‌పీసు ఇస్తారా?" అందరూ విరగబడి నవ్వారు. ఆయన మాత్రం టిఫిన్ బాక్సుకు మూత పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. నా కథంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ చెప్పక తప్పదు. భయపడకండి, దోసెపిండి అంత తేలిక. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల బియ్యం అంటామా, అది కొలతల నిష్పత్తి. పదార్థంలో ఏ మూలకం ఎంత పాళ్లలో ఉందో చెప్పే అలాంటి నిష్పత్తినే ఎంపిరికల్ ఫార్ములా అంటారు. కానీ నిష్పత్తి తెలిసినంత మాత్రాన ఇంటిల్లిపాదికి ఎన్ని గ్లాసులు నానబోయాలో తెలియదు కదా. అణువులో నిజంగా ఎన్నెన్ని పరమాణువులున్నాయో చెప్పేది మాలిక్యులర్ ఫార్ములా. దానికి అణువు మొత్తం బరువు కావాలి. ఆ బరువును ప్రశ్నలో నేరుగా ఇవ్వకుండా ఒక్కోసారి వేపర్ డెన్సిటీ, అంటే ఆవిరి సాంద్రత, ఇస్తారు. దాన్ని రెట్టింపు చేస్తే బరువు వస్తుంది. రెట్టింపు చేయాలి. ఇందులో తెలుసుకోవాల్సింది ఇదొక్కటే, మా పెద్దాయన మర్చిపోయిందీ ఇదే.

ఆయన్ను వెక్కిరించిన కొన్నాళ్లకే నేనూ మర్చిపోయాను.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. బోర్డు మీద లెక్క చేస్తున్నాను. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ శాతాలు ఇచ్చి, వేపర్ డెన్సిటీ ముప్పై అని ఇచ్చారు. నిష్పత్తి కట్టాను, CH₂O వచ్చింది. దాని బరువు పన్నెండూ రెండూ పదహారూ కలిపి ముప్పై. ఇచ్చిన అంకె కూడా ముప్పై. రెండూ అతికినట్టు సరిపోయాయి. సరిపోయాక ఇక ఎవరు వెతుకుతారు? జవాబు CH₂O అని గీత గీసి, డస్టర్ దులుపుకుని వచ్చేశాను. అరవై అనుకుని చేస్తే C₂H₄O₂ వచ్చేది. అది వెనిగర్‌లో పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం. నేను రాసింది శవాలు చెడకుండా వాడే ఫార్మలిన్‌లో ఉండే పదార్థం. వంటింటి సరుకును తీసుకెళ్లి మార్చురీలో పెట్టానన్నమాట.

మా కాలేజీలో ఒక పద్ధతి ఉండేది. ఆదివారం పరీక్ష, సోమవారం సెక్షన్ల జాబితా. మార్కులను బట్టి పిల్లలను పై సెక్షన్‌కూ కింది సెక్షన్‌కూ మార్చేవాళ్లు. కింది సెక్షన్‌కు వెళ్లినవాళ్లకు మారేది బెంచీలే కాదు, వాళ్ల మీద నమ్మకమే మారిపోయేది. ఆ ఆదివారం పరీక్షలో మా పై సెక్షన్‌కు అదే లెక్క ఇచ్చాను. కీ కూడా నేనే తయారుచేశాను. మా దగ్గర బోర్డు మీద ఉన్నదే వేదం కాబట్టి పిల్లలంతా బోర్డు మీద చూసిందే రాశారు. ఒక్క సంధ్య తప్ప.

సంధ్యది చందానగర్ పక్క ఊరే. వాళ్ల నాన్న జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు నింపే పనిచేసేవాడు. ఇంటికొచ్చాక ఆయన చొక్కాకు ఏ వాసన వస్తే, అదేమిటని నన్ను అడగడానికి వచ్చేదా పిల్ల. పెద్దయ్యాక ఏమవుతావంటే, నాయిన కంపెనీలనే ల్యాబ్‌ల తెల్లకోటు వేసుకుని కూసుంట అనేది. ఆయన అద్దాల అవతలి నుంచి చూడాలట. ఆ కల తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అంత ఇష్టంగా కెమిస్ట్రీ చదివిన పిల్లను ఆ తర్వాత నేను చూడలేదు.

సోమవారం జాబితా అంటించారు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర సంధ్య పై సెక్షన్ నుంచి జారిపోయింది. ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపల అందరూ ఉన్నారు, ఆ పెద్దాయన కూడా.

"మేడం, ఒక డౌటుండె" అంది. "వేపర్ డెన్సిటీ ఇచ్చిన్రు కద. దాన్ని డబల్ చేస్తెనే వెయిట్ వస్తది కద మేడం. ముప్పై అంటే అరవై అయితది. మీరు బోర్డు మీద ముప్పైనే వెట్టిన్రు."

ఆ క్షణం నాకు ఇప్పటికీ ఒంటికి అంటుకున్నట్టే ఉంటుంది. మాట పూర్తికాకముందే నాకు తెలిసిపోయింది. ఒక్క మాట, "అవునమ్మా, పొరపాటు నాదే" అంటే అయిపోయేది. కీ సవరించేవాళ్లు, జాబితా మళ్లీ అంటించేవాళ్లు, ఆ పూట నన్ను చూసి నవ్వేవాళ్లు. నవ్వితే ఏమైంది? ఏమీ కాదు. కానీ నేను రెండో ఎక్కం అన్న మాట ఆ గదిలో ఇంకా వేలాడుతూనే ఉంది, ఆ పెద్దాయన కళ్లద్దాల మీదుగా నా వైపే చూస్తున్నారు.

"పైపైన చదివితే ఇలాంటి డౌట్లే వస్తాయి" అన్నాను.

"బుక్కుల గూడ గట్లనే ఉన్నది మేడం."

"నీకు మార్కులు వేసేది పుస్తకమా, నేనా?"

సంధ్య తల వంచుకుంది. "మీరే మేడం."

"మరి నేను చెప్పిందే రాయి. లేనిపోని తెలివి చూపిస్తే కింది సెక్షన్‌లోనే ఉండిపోతావు."

"సరే మేడం" అని వెళ్లిపోయింది. పెద్దాయన తిరిగి పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టారు. ఆయనకు అర్థమైందా? అయ్యే ఉంటుంది. నాలా నోరు పారేసుకునే మనిషి కాదు కాబట్టి ఊరుకున్నారని ఇప్పుడు అనుకుంటాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. నేను ఇంకో తెలివి చేశాను. తప్పును అలాగే వదిలేస్తే పెద్ద పరీక్షలో పిల్లలంతా మునుగుతారు. అందుకని మర్నాడు పై సెక్షన్‌కు వెళ్లి, ఇదో కొత్త మోడల్ లెక్క అన్నట్టు, వేపర్ డెన్సిటీని రెట్టింపు చేయాలని నెమ్మదిగా చెప్పేశాను. పాత లెక్క ఊసే ఎత్తలేదు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదనుకున్నాను. కానీ ఆ క్లాసులో సంధ్య లేదు. అప్పటికే కింది సెక్షన్‌కు పంపేశాం కదా. అక్కడ ఆ పాఠం ఎప్పుడో అయిపోయింది, చెప్పేవాళ్లూ వేరే.

తర్వాత అన్ని సెక్షన్లకూ కలిపి ఒక పరీక్ష జరిగింది. అందులో మళ్లీ వేపర్ డెన్సిటీ లెక్క. ఈసారి కీ సరిగ్గానే ఉంది. పేపర్లు దిద్దే పని నాకు పడింది. సంధ్య పేపర్ చేతికొచ్చింది. మొదట సరిగ్గానే చేసింది. రెట్టింపు చేసింది. తర్వాత దాన్ని నిలువునా కొట్టేసి, కింద రెట్టింపు చేయకుండా, నేను చెప్పినట్టే రాసింది.

దానికి నేను సున్నా వేశాను.

ఇప్పుడు చెప్పండి. తెలిసినది రాస్తే ఒకసారి తప్పు వేశాను. నా మాట విని రాస్తే రెండోసారి తప్పు వేశాను. ఇక ఆ పిల్ల ఎటు పోవాలి? ఆ రోజు పేపర్ పక్కన పెట్టి, ఇప్పుడైనా పిలిచి చెబుదామా అనుకున్నాను, చెబితే మొదటి తప్పు కూడా బయటపడుతుందని ఊరుకున్నాను, ఊరుకున్న కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. సంధ్య ఈసారి ఏమీ అడగలేదు. పేపర్ తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత డ్రమ్ముల వాసనల గురించి కూడా అడగలేదు. ఇంటర్ అయ్యాక కామర్స్‌లో చేరిందని విన్నాను. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

కాలేజీ మానేశాను. ఉద్యోగాలు మారాను. ఏ కీ దిద్దినా వేపర్ డెన్సిటీ లెక్క దగ్గర చెయ్యి ఆగేది. ఒక్క మార్కు కదా అని నన్ను నేను సముదాయించుకునేదాన్ని. కానీ తప్పుకు కూడా నిష్పత్తి వేరు, అసలు పరిమాణం వేరు. కాగితం మీద ఒక మార్కే. ఆ పిల్ల జీవితంలో దాన్ని ఎంతతో గుణించాలో నేనెలా చెప్పను?

పోయిన ఏడాది మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒకామె నన్ను తేరిపార చూసి, "మేడం, మీరేనా? కెమిస్ట్రీ మేడం!" అంది. సంధ్య. మా కింది అంతస్తులోకి కిరాయికి వచ్చారట. గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తుంది. భర్త, ఎనిమిదో తరగతి చదివే కూతురు. బాగానే ఉంది కదా, నీ వల్ల ఏం చెడింది అని లోపలి దొంగ వెంటనే వకాల్తా పుచ్చుకున్నాడు. సంధ్య మాత్రం ఎప్పుడు కనిపించినా నవ్వుతూ "గుడ్ మార్నింగ్ మేడం" అనేది. ఆ నవ్వు చూసి నేను లిఫ్టు మానేసి మెట్లెక్కడం మొదలుపెట్టాను. మోకాళ్లకు మంచిదని ఇంట్లో చెప్పాను.

మొన్న ఆదివారం పొద్దున సంధ్య మా తలుపు కొట్టింది. పక్కన కూతురు, చేతిలో స్కూలు పరీక్ష పేపరు. మా దగ్గర బోరు నీళ్లు గట్టివి, నల్లాలన్నీ తెల్లగా పూతకడతాయి. వెనిగర్‌తో తోమితే పోతుందని ఎవరో చెప్పారట, ఉందేమోనని అడగడానికొచ్చింది. లోపలికెళ్లి సీసా తెచ్చాను. ఈలోగా గుమ్మంలో తల్లీకూతుళ్లు వాదులాడుకుంటున్నారు. ఇనుము తుప్పు పడితే బరువు పెరుగుతుందా తగ్గుతుందా అని ప్రశ్న. పెరుగుతుందని పిల్ల రాసింది. టీచర్ తప్పు వేసింది. పిల్ల వెళ్లి అడుగుతానంటుంది, తల్లి వద్దంటుంది.

"టీచర్ చెప్పినాంక ఇగ అయిపోయినట్టే" అంది సంధ్య. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది. "నేను గూడ గిట్లనే మేడంతోని వాదించిన చిన్నప్పుడు. తప్పు నాదే ఉండె. ఊకె డబల్ చేస్తుంటి. జర చెప్పండి మేడం దీనికి, వింటలేదు."

పేపరు చూశాను. తుప్పులో ఆక్సిజన్ వచ్చి చేరుతుంది కాబట్టి బరువు పెరుగుతుంది. పిల్ల రాసింది ముమ్మాటికీ సరైనది. చేతిలో వెనిగర్ సీసా. ఎదురుగా ఇన్నేళ్లూ తప్పు తనదేనని నమ్మి, దాన్ని తన కూతురికి బుద్ధిగా నేర్పుతున్న మనిషి. ఇక నోరు మూసుకుంటే నా తప్పు ఇంకో తరానికి ఎగబాకుతుంది. మాట బయటికి వచ్చింది.

"తప్పు నీది కాదు సంధ్యా. నాది."

మొత్తం చెప్పాను. గుమ్మంలో నిలబడే చెప్పాను. పెద్దాయన గురించి, నేనన్న మాట గురించి, మర్నాడు పై సెక్షన్‌లో చెప్పిన దొంగ పాఠం గురించి, కొట్టేసిన లెక్క గురించి, సున్నా గురించి. ఏదీ దాచలేదు. సంధ్య పెన్ను అడిగింది. మా గుమ్మంలో పడివున్న న్యూస్‌పేపరు తీసుకుని, దాని అంచు మీద ఆ లెక్క మళ్లీ చేసింది. ఒక్క అంకె మర్చిపోలేదు. శాతాలు, నిష్పత్తి, ముప్పై. ముప్పై పక్కన ఇంటూ రెండు వేసి, అరవై రాసి, దాని చుట్టూ గీత గీసింది.

"అయితే నేను కరెక్టే ఉంటి" అంది.

"కరెక్టే."

"మీకప్పుడే తెల్సా మేడం?"

"నువ్వు అడుగుతుండగానే తెలిసింది."

"మరెందుకు చెప్పలే?"

"నవ్వుతారని."

"నవ్వుతరని" అని మెల్లగా తిరిగి అంది, కొత్త మాట ఏదో నేర్చుకుంటున్నట్టు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడుపో కోపమో నాకు తెలియలేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగే నోరు లేదు. అడిగితే ఆమె మీద మళ్లీ ఒక పరీక్ష పెట్టినట్టే కదా. సంధ్య వెనిగర్ సీసా తీసుకుంది, ఆ పేపరు ముక్క చింపుకుంది, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

తలుపు వేసుకుని సోఫాలో కూలబడ్డాను. నాకు సిగ్గేసింది, ఏడ్చాను, తర్వాత ఆకలేసింది. పొద్దుటి ఉప్మా చల్లారిపోయి ఉంది. గిన్నె ఊడ్చి తిన్నాను. అంత కమ్మగా తిని ఎన్నాళ్లయిందో.

సోమవారం ఆఫీసు క్యాబ్ కోసం గేటు దగ్గర నిలబడ్డాను. స్కూలు బస్సు వచ్చింది, సంధ్య కూతురు ఎక్కలేదు. కాసేపటికి సంధ్య మెడలో ఆఫీసు ఐడీ కార్డుతో స్కూటీ మీద వచ్చింది. వెనక కూతురు, చేతిలో ఆ పరీక్ష పేపరు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి నెమ్మదించింది. సంధ్య నన్ను చూసింది. గుడ్ మార్నింగ్ అనలేదు. నవ్వలేదు. స్కూలు వైపు బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

నేను నొచ్చుకోవాలి నిజానికి. నొచ్చుకోలేదు. ఇన్నాళ్లూ ఆమె నాకు పెట్టిన దండాలు నావి కావు. అవి లేకపోవడమే నాకు హాయిగా ఉంది. మళ్లీ లిఫ్టు ఎక్కుతున్నాను. ఎప్పుడైనా ఎదురుపడితే ఏమంటుందో తెలియదు. ఏమన్నా పడతాను. మంగళవారం ఆఫీసులో ఎవరో మళ్లీ "మేడం కంట్లో పడితే తప్పు బతకదు" అన్నారు. "ఒకటి బతికింది, చాలా ఏళ్లు" అన్నాను. జోకనుకుని నవ్వారు. నేనూ నవ్వాను, ఈసారి కంప్యూటర్ వైపు చూడకుండా.

వెనిగర్ సీసా ఇంకా తిరిగి రాలేదు. అడగను. ఆనాడు అంటించాల్సిన సవరణ ఒకటి బాకీ ఉంది, అది మీ ముందు అంటిస్తున్నాను. ఆ ఆదివారం పరీక్షలో ఆ ప్రశ్నకు సరైన జవాబు C₂H₄O₂. మా సెక్షన్‌లో ఆ జవాబు రాసింది సంధ్య ఒక్కతే.